కోడ్ చూపకుండా సాఫ్ట్‌వేర్ పంచాలంటే: గిట్‌ల్యాబ్, గిట్‌హబ్ రివ్యూ

బిల్లింగ్ సాఫ్ట్‌వేరో, స్కూలు ఫీజుల ప్రోగ్రామో రాసి నలుగురికి ఇచ్చేవాళ్లకు కావాల్సినవి మూడు. కొత్త వెర్షన్ వాడేవాళ్లకు తేలిగ్గా అందాలి. తప్పు కనిపిస్తే వాళ్లు రాయడానికి ఒక చోటుండాలి. సోర్స్ కోడ్ మాత్రం ఎవరి చేతికీ చిక్కకూడదు. మన దగ్గర ఎక్కువమంది ఈఎక్స్‌ఈని గూగుల్ డ్రైవ్‌లో పడేసి, లింకు వాట్సాప్‌లో పంపేస్తారు. జీమెయిల్ ఈఎక్స్‌ఈ ఫైళ్లను పోనివ్వదు, జిప్ చేసి పంపినా లోపల చూసి ఆపేస్తుంది. డ్రైవ్‌లో ఫైలు 100 ఎంబీ దాటితే వైరస్ స్కాన్ చేయలేమన్న హెచ్చరిక వస్తుంది, అది చూసి సగంమంది ఆగిపోతారు. ఏ షాపులో ఏ వెర్షన్ నడుస్తోందో మూడు నెలలకే ఎవరికీ తెలియకుండా పోతుంది.

కోడ్ ఎలాగూ గిట్‌లోనే (కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ దాచే టూల్) ఉంటుంది కాబట్టి రిలీజులు, అంటే వాడేవాళ్లకు ఇచ్చే వెర్షన్లు, కూడా ఆ కోడ్‌ను నెట్‌లో ఉంచే గిట్‌ల్యాబ్, గిట్‌హబ్ లాంటి సైట్ల నుంచే ఇవ్వడం సబబు. ఈ ఒక్క పని వరకే చూస్తే గిట్‌ల్యాబ్ గిట్‌హబ్ కంటే మెరుగు. సోర్స్ దాచి రిలీజులు మాత్రం అందరికీ చూపించే సెట్టింగ్ దానిలోనే ఉంది, ఉచిత ప్లాన్‌లోనే ఉంది. గిట్‌హబ్‌లో అలాంటిది లేదు, రెండు రిపోలతో (రిపో, అంటే రిపోజిటరీ, కోడ్ దాని చరిత్రతో సహా ఉండే చోటు) దొడ్డిదారిన సాధించుకోవాలి. అయితే విండోస్, మ్యాక్ బిల్డులు (కోడ్ నుంచి తయారుచేసిన, నేరుగా నడిచే ప్రోగ్రామ్‌లు) ఆటోమేటిక్‌గా తయారవ్వాలంటే గిట్‌హబ్‌దే పైచేయి. ఇక ఈ రెండూ కాపాడేది రిపోనే. మీరు బయటికి పంపే ఫైల్లో కోడ్ ఉంటే ఏ సెట్టింగూ కాపాడదు. ఎక్కువమంది కోడ్ పోయేది అక్కడే కాబట్టి ఈ రివ్యూలో సగం దాని గురించే.

గిట్‌ల్యాబ్‌లో ఎలా పెట్టాలి

ప్రాజెక్టులో సెట్టింగ్స్, జనరల్‌లోకి వెళ్లి "విజిబిలిటీ, ప్రాజెక్ట్ ఫీచర్స్, పర్మిషన్స్" అన్న భాగం తెరవండి. ప్రాజెక్టు విజిబిలిటీని పబ్లిక్ చేయాలి. ఇక్కడే చాలామంది బెదిరిపోతారు కానీ, బెదరక్కర్లేదు. దాని కిందే ఒక్కో ఫీచరుకు విడివిడిగా అనుమతి ఉంటుంది. రిపోజిటరీని "ఓన్లీ ప్రాజెక్ట్ మెంబర్స్"కు మార్చండి. రిలీజెస్‌ను "ఎవ్రీవన్ విత్ యాక్సెస్"లో ఉంచండి. ఇష్యూస్ కూడా అలాగే ఉంచితే వాడేవాళ్లు తప్పులు అక్కడ రాయొచ్చు. క్రమం మాత్రం తప్పకూడదు. కోడ్ ఉన్న ప్రైవేట్ ప్రాజెక్టయితే పబ్లిక్ ఎంచుకున్నాక, రిపోజిటరీ మెంబర్స్‌కే ఉందని చూసుకుని, లేకపోతే మార్చి, ఆ తర్వాతే సేవ్ నొక్కండి.

ఇలా పెట్టాక బయటివాళ్లకు రిలీజ్ పేజీ కనిపిస్తుంది, ఫైళ్లు దిగుతాయి, సోర్స్ కోడ్ జిప్ లింకులు మాత్రం కనిపించవు. ట్యాగ్ (ఒక వెర్షన్‌కు పెట్టే గుర్తు) పేరు, రిలీజ్ వివరణ, రిలీజ్ చేసినవాళ్ల పేరు కనిపిస్తాయి. అంచేత ట్యాగులకు కస్టమర్ల పేర్లు పెట్టే అలవాటుంటే మానుకోండి. కమిట్ (కోడ్‌లో చేసిన ఒక మార్పు నమోదు) సందేశాలను ఉన్నవి ఉన్నట్టు రిలీజ్ నోట్స్‌లోకి దించడం కూడా మంచిది కాదు. "ఫలానా బ్యాంకు ఏపీఐ పాస్‌వర్డ్ మార్చాం" లాంటి వాక్యం లోకమంతా చదువుతుంది.

ప్రాజెక్టు పబ్లిక్ ఆప్షన్ బూడిద రంగులో ఉండి నొక్కడానికి రాకపోతే పైనున్న గ్రూపు ప్రైవేట్ అయిందని అర్థం. గ్రూపు కంటే ఎక్కువ బహిరంగంగా ప్రాజెక్టు ఉండలేదు. వేరే పబ్లిక్ గ్రూపులోకి మార్చుకోవాలి.

ఇందులో ఎక్కువగా ఎదురయ్యే ఫిర్యాదు ఒకటుంది. రిలీజ్ పేజీ కనిపిస్తోంది, డౌన్‌లోడ్ నొక్కితే లాగిన్ పేజీయో, పేజీ దొరకలేదనే 404ఓ వస్తోంది. కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే. గిట్‌ల్యాబ్ రిలీజ్‌లో ఫైలు నేరుగా ఉండదు, ఎక్కడో ఉన్న ఫైలుకు లింకు మాత్రమే ఉంటుంది. ఆ లింకు సీఐ (బిల్డును ఆటోమేటిక్‌గా నడిపే వ్యవస్థ) జాబ్ ఆర్టిఫాక్ట్‌కు, అంటే అది తయారుచేసిన ఫైలుకు, ఇచ్చి ఉంటే బయటివాళ్లకు తెరుచుకోదు, ఎందుకంటే సీఐ అనుమతి రిపోజిటరీ అనుమతి కిందే ఉంటుంది. మెంబర్లకు కూడా గడువు తీరి ఆర్టిఫాక్ట్ తొలగిపోతే లింకు చచ్చిపోతుంది. మార్గం ఏమిటంటే ఫైలును గిట్‌ల్యాబ్‌లోనే ఫైళ్లు దాచే జెనరిక్ ప్యాకేజ్ రిజిస్ట్రీలోకి ఎక్కించి, ఆ లింకును రిలీజ్‌కు తగిలించడం. గిట్‌ల్యాబ్ వాళ్ల కమాండ్ లైన్ టూల్ జీల్యాబ్‌లో రిలీజ్ తయారుచేసేటప్పుడు ప్యాకేజ్ రిజిస్ట్రీ వాడమని చెప్పే ఆప్షన్ ఉంది, అది రెండు పనులూ ఒకేసారి చేస్తుంది. ప్యాకేజ్ రిజిస్ట్రీ అనుమతి కూడా అందరికీ తెరిచి ఉండాలి సుమా.

అదే అనుమతుల పట్టికలో కంటైనర్ రిజిస్ట్రీ వేరుగా ఉంటుంది. దీన్ని మరిచిపోవడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. రిపోజిటరీ మూసేసినా కంటైనర్ రిజిస్ట్రీ తెరిచే ఉంటే, అందులోని డాకర్ ఇమేజ్‌ను (ప్రోగ్రామ్‌ను దానికి కావాల్సినవాటితో కలిపి కట్టిన మూట) ఎవరైనా దించుకుని, లోపలున్న పైథాన్ ఫైళ్లు తాపీగా చదువుకోవచ్చు. డాకర్ వాడేవాళ్లు ముందు దాన్ని మెంబర్స్‌కు మార్చండి. వికీ, స్నిప్పెట్స్, పేజెస్ కూడా ఓసారి చూసుకోండి. చివరగా బ్రౌజర్ ఇన్‌కాగ్నిటో కిటికీలో, లాగిన్ కాకుండా, ప్రాజెక్టు చిరునామా తెరిచి ప్రతి మెనూ నొక్కి చూడాలి. మీ అకౌంట్‌తో చూస్తే అన్నీ కనిపిస్తాయి కాబట్టి ఏది మూసి ఉందో తెలియదు.

పబ్లిక్ పేజీ అసలే వద్దు, డబ్బు కట్టిన పదిమందికే ఇవ్వాలి అనుకుంటే ఇంకో దారి ఉంది. ప్రాజెక్టును ప్రైవేట్‌గానే ఉంచి, వాళ్లను గెస్ట్ పాత్రలో చేర్చడం. ప్రైవేట్ ప్రాజెక్టులో గెస్ట్‌కు కోడ్ కనిపించదు, రిలీజ్ ఫైళ్లు దిగుతాయి, ఇష్యూలు రాయొచ్చు. కానీ గిట్‌ల్యాబ్ డాట్ కామ్ ఉచిత ప్లాన్‌లో ప్రైవేట్‌గా ఉన్న టాప్ లెవెల్ గ్రూపుకు 5 మంది పరిమితి ఉంది, గెస్టులు కూడా ఆ లెక్కలోకే వస్తారు. మీరు, మీ భాగస్వామి పోగా ముగ్గురు కస్టమర్లతో నిండిపోతుంది. పది షాపులకు అమ్మేవాళ్లకు ఈ దారి పనికిరాదు.

ఉచిత ప్లాన్‌లో గిట్‌ల్యాబ్ నెలకు ఇచ్చేది 400 కంప్యూట్ నిమిషాలే, అంటే వాళ్ల యంత్రాల మీద బిల్డు నడిచే సమయం. బిల్డు పెద్దదైతే పది రోజుల్లో హారతి కర్పూరం. సొంత కంప్యూటర్‌లో గిట్‌ల్యాబ్ రన్నర్ (బిల్డులు నడిపే ప్రోగ్రామ్) పెట్టుకుంటే ఆ నిమిషాలు ఖర్చవవు. ఆఫీసులో ఒక పాత విండోస్ డెస్క్‌టాప్ ఉంటే దానికి ఇంతకంటే మంచి ఉద్యోగం దొరకదు.

గిట్‌హబ్: రెండు రిపోల పద్ధతి

గిట్‌హబ్ 2019 జనవరిలో ప్రైవేట్ రిపోలను ఉచితం చేసింది, అప్పట్లో ముగ్గురు సహకారులకే అనుమతి. 2020 ఏప్రిల్‌లో ఆ పరిమితి కూడా తీసేసింది. అప్పటి నుంచి చాలామంది "ప్రైవేట్ రిపో పెట్టి క్లయింట్‌ను కొలాబరేటర్‌గా చేరిస్తే చాలు" అనుకుంటున్నారు. అది పొరపాటు. వ్యక్తిగత అకౌంట్‌లోని రిపోకు కొలాబరేటర్‌గా చేర్చిన మనిషికి చదవడమే కాదు, పుష్ చేసే, అంటే కోడ్ మార్చి ఎక్కించే, హక్కు కూడా వచ్చేస్తుంది. చదవడం వరకే ఇవ్వాలంటే ఆర్గనైజేషన్ తెరిచి రీడ్ పాత్ర ఇవ్వాలి, ఆర్గనైజేషన్ ఉచితమే. కానీ రీడ్ పాత్ర అంటేనే మొత్తం కోడ్ క్లోన్ చేసుకునే హక్కు. రిలీజులు మాత్రమే కనిపించే పాత్ర గిట్‌హబ్‌లో లేదు.

కాబట్టి రెండు రిపోలు. కోడ్ ఉన్నది ప్రైవేట్. రెండోది పబ్లిక్, అందులో రీడ్‌మీ, లైసెన్స్ ఫైలు, ఇష్యూలు, రిలీజులు ఉంటాయి. పబ్లిక్ రిపో ఖాళీగా ఉంటే రిలీజ్ తయారుకాదు, రిపో ఖాళీ అన్న ఎర్రర్ వస్తుంది. కనీసం రీడ్‌మీతో ఒక కమిట్ ఉండాలి.

ప్రైవేట్ రిపోలో ట్యాగ్ పుష్ అయినప్పుడు గిట్‌హబ్ సీఐ అయిన యాక్షన్స్‌తో బిల్డు చేయించి, జీహెచ్ అనే కమాండ్ లైన్ టూల్‌తో పబ్లిక్ రిపోలో రిలీజ్ చేయించాలి. మొదటిసారి చేసేవాళ్లు ఇక్కడ ఇరుక్కుంటారు. యాక్షన్స్ తనంతట ఇచ్చే టోకెన్‌కు (పాస్‌వర్డ్ బదులు వాడే తాళంచెవి) తను నడుస్తున్న రిపో మీదే హక్కు ఉంటుంది, పక్క రిపోలో రాయబోతే అనుమతి లేదనే 403 ఎర్రర్ వస్తుంది. ఫైన్-గ్రెయిన్డ్ పర్సనల్ యాక్సెస్ టోకెన్ ఒకటి తయారుచేయండి. రిపో ఎంపికలో పబ్లిక్ రిపో ఒక్కటే పెట్టండి, పర్మిషన్స్‌లో కంటెంట్స్‌కు రీడ్ అండ్ రైట్ మాత్రమే ఇవ్వండి, దాన్ని ప్రైవేట్ రిపో సీక్రెట్స్‌లో ఉంచండి. పాత తరహా క్లాసిక్ టోకెన్ ఇస్తే మీ రిపోలన్నింటికీ తాళంచెవి ఇచ్చినట్టే, అది లీకయితే ఈ కసరత్తంతా వృథా. టోకెన్ గడువు తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. అన్నీ బాగున్నా రిలీజ్ ఉన్నట్టుండి ఆగిపోయిందంటే ముందు అనుమానించాల్సింది గడువునే.

రిలీజ్‌లో ఒక్కో ఫైలు 2 జీబీ లోపు ఉండాలి, మొత్తం సైజుకు గానీ డౌన్‌లోడ్లకు గానీ పరిమితి లేదు. ఈఎక్స్‌ఈని రిపోలోనే కమిట్ చేసే అలవాటుంటే మానండి. గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైలును పుష్‌లోనే తిప్పికొడుతుంది, దాటకపోయినా ప్రతి వెర్షనూ చరిత్రలో పేరుకుపోతుంది.

గిట్‌హబ్ ప్రతి రిలీజ్ కిందా "సోర్స్ కోడ్" జిప్, టార్ లింకులు తనంతట తగిలిస్తుంది, వాటిని తీసేసే వీలు లేదు. మన పబ్లిక్ రిపోలో రీడ్‌మీ తప్ప ఏమీ లేదు కాబట్టి లీకయ్యేదీ లేదు. కానీ వాడేవాళ్లు తికమకపడతారు. ఆ జిప్ దించుకుని, అందులో ప్రోగ్రామ్ లేదని ఫోన్ చేస్తారు. ఏ ఫైలు దించాలో రిలీజ్ వివరణ మొదటి లైన్లోనే రాయండి. ఇంకా మంచిది, తాజా రిలీజ్‌కు ఎప్పుడూ మారని డౌన్‌లోడ్ లింకు ఇవ్వడం. అది పనిచేయాలంటే ఫైలు పేరు ప్రతి వెర్షన్‌కూ ఒకటే ఉండాలి, పేరులో వెర్షన్ నంబరు పెట్టకూడదు. ప్రీ-రిలీజ్‌గా గుర్తు పెట్టినవాటికి ఆ లింకు వెళ్లదు, ఇది పరీక్షల దశలో ఉన్న బిల్డులకు బాగా పనికొస్తుంది.

ప్రైవేట్ రిపోలకు గిట్‌హబ్ ఉచిత ప్లాన్‌లో నెలకు 2000 యాక్షన్స్ నిమిషాలు వస్తాయి. విండోస్, మ్యాక్ యంత్రాలు రెండూ ఉన్నాయి, వాటి మీద కోటా లైనక్స్ కంటే త్వరగా కరుగుతుంది, మ్యాక్ మీద మరీ త్వరగా. గిట్‌ల్యాబ్‌లో మ్యాక్ రన్నర్ కావాలంటే డబ్బు కట్టిన ప్లాన్ ఉండాలి. మూడు ఓఎస్‌లకూ ఇన్‌స్టాలర్లు ఇచ్చేవాళ్లకు రెండు రిపోల బాధ పడైనా గిట్‌హబ్ మేలు. విండోస్ ఒక్కటే, పాత డెస్క్‌టాప్ రన్నర్ చేతిలో ఉంది అంటే గిట్‌ల్యాబ్ తీసుకోండి.

ఇదివరకే పబ్లిక్‌గా ఉన్న రిపో అయితే

పబ్లిక్ రిపోను ప్రైవేట్ చేస్తే కోడ్ వెనక్కి వచ్చేయదు. అప్పటికే ఎవరైనా ఫోర్క్ చేసి (తమ అకౌంట్‌లోకి కాపీ తీసుకుని) ఉంటే ఆ ఫోర్కులు పబ్లిక్‌గానే, విడిగా బతుకుతాయి. స్టార్లు (మెచ్చినవాళ్లు రిపోకు పెట్టే గుర్తులు) మాత్రం పోతాయి. హెచ్‌టీటీపై అనే టూల్ రిపోను 2022లో పొరపాటున ప్రైవేట్ చేస్తే 54 వేల స్టార్లు ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఇంతకంటే సూక్ష్మమైన చిక్కును ట్రఫుల్ సెక్యూరిటీ సంస్థ 2024 జులైలో వివరంగా రాసింది. గిట్‌హబ్‌లో ఒక రిపో, దాని ఫోర్కులు అన్నీ వెనకాల ఒకే నిల్వను పంచుకుంటాయి. ఒక ఫోర్క్‌లో చేసిన కమిట్‌ను, ఆ ఫోర్క్ తీసేశాక కూడా, కమిట్ హ్యాష్ (దాని గుర్తింపు సంఖ్య) తెలిస్తే అసలు రిపో ద్వారా చూడొచ్చు. మన పనికి తగిలే సందర్భం ఇది: ప్రైవేట్ రిపో ఒకటి, దానికి లోపలి వాడకం కోసం ప్రైవేట్ ఫోర్క్ ఒకటి. డబ్బు తీసుకునే ఫీచర్లు ఫోర్క్‌లో. తర్వాత అసలు రిపోను ఓపెన్ సోర్స్ చేశారు. ఆ మార్పు జరిగేలోగా ఫోర్క్‌లో పడ్డ కమిట్లు పబ్లిక్ రిపో ద్వారా చేరుకోగలిగేవి అయిపోతాయి. గిట్‌హబ్ ఇది తమ డిజైన్ ప్రకారమే ఉందని చెప్పింది. సగం తెరిచి సగం దాచాలనుకుంటే ఫోర్క్ వద్దు, చరిత్ర లేకుండా కొత్త రిపో మొదలుపెట్టి తెరవదల్చిన ఫైళ్లు మాత్రమే కాపీ చేయండి.

పాస్‌వర్డ్ ఉన్న ఫైలును డిలీట్ చేసి కమిట్ చేస్తే అది పాత కమిట్లలో అలాగే ఉంటుంది. గిట్ ఫిల్టర్-రెపోతో చరిత్ర తిరగరాయొచ్చు. అంతకంటే ముందు ఆ పాస్‌వర్డ్, ఆ ఏపీఐ కీ మార్చేయాలి. ఒకసారి బయటపడ్డ కీని తుడవడం కంటే చంపేయడం నయం.

బయటికి వెళ్లే ఫైలు సంగతి

పైథాన్‌తో రాసేవాళ్లు ఎక్కువ, వాళ్లలో పైఇన్‌స్టాలర్ వాడేవాళ్లు ఇంకా ఎక్కువ. పైఇన్‌స్టాలర్ మంచి టూలే, కానీ అది కోడ్ దాచే టూలు కాదు. అది చేసేదల్లా మీ ఫైళ్లను బైట్‌కోడ్‌గా (పైథాన్ నడిపే మధ్యంతర రూపం) మార్చి, పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌తో కలిపి ఒక మూటలో కట్టడం. ఆ మూట విప్పే పైఇన్‌స్ట్‌ఎక్స్‌ట్రాక్టర్ అనే స్క్రిప్టు ఉచితంగా దొరుకుతుంది. విప్పాక వచ్చే బైట్‌కోడ్‌ను డీకంపైలర్లు తిరిగి పైథాన్‌గా మారుస్తాయి. పాత పైథాన్ వెర్షన్లకు ఫలితం దాదాపు అసలు కోడ్‌లాగే ఉంటుంది. కొత్త వెర్షన్లకు అక్కడక్కడా చెడుతుంది కానీ ఫంక్షన్ల పేర్లు, డేటాబేస్ క్వెరీలు, కోడ్‌లో రాసిన కీలు అన్నీ చదవగలిగేలానే వస్తాయి. ఒకప్పుడు బైట్‌కోడ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే కీ ఆప్షన్ ఉండేది. తాళంచెవి కూడా అదే మూటలో ఉండేది కాబట్టి దానివల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు, 6.0 వెర్షన్‌లో దాన్ని తీసేశారు. ఆ ఆప్షన్ వాడమని ఇంకా చెప్పే పాఠాలు కనిపిస్తే అవి పాతబడ్డాయని గుర్తించండి.

డీకంపైలర్ దాకా వెళ్లాల్సిన అవసరం కూడా లేకుండా చేసే తప్పు ఇంకొకటి. బొమ్మలు, టెంప్లేట్లు చేర్చడానికి యాడ్-డేటా ఆప్షన్‌లో ప్రాజెక్టు ఫోల్డర్ మొత్తం ఇచ్చేస్తారు. అప్పుడు పైథాన్ ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టే లోపలికి వెళ్తాయి, వన్‌డిర్ (విడి ఫోల్డర్) పద్ధతిలో కట్టిన బిల్డులో ఇంటర్నల్ ఫోల్డర్ తెరిస్తే కామెంట్లతో సహా కనిపిస్తాయి. వన్‌ఫైల్ (అంతా ఒకే ఫైలు) అయినా దాగేదేమీ లేదు. ప్రోగ్రామ్ నడిచినంతసేపూ అవన్నీ టెంప్ ఫోల్డర్‌లో ఎంఈఐతో మొదలయ్యే ఫోల్డర్లోకి విప్పుకుని ఉంటాయి.

నుయిట్కా దీనికంటే గట్టిది. పైథాన్‌ను సీ భాషలోకి మార్చి, దాన్ని మెషీన్ కోడ్‌గా కంపైల్ చేస్తుంది. వెనక్కి పైథాన్‌గా తిప్పే సులువైన దారి ఉండదు. దీనికి సీ కంపైలర్ కావాలి, బిల్డుకు పైఇన్‌స్టాలర్ కంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది, నంపై, పాండాస్ లాంటివి ఉంటే మరీను. గిట్‌ల్యాబ్ 400 నిమిషాలు కరిగేది ఇక్కడే. ఉచిత నుయిట్కాలో కూడా కొటేషన్లలో రాసిన మాటలన్నీ బైనరీలో చదవగలిగేలానే ఉంటాయి. వాటిని కూడా దాచే సౌకర్యం వాళ్ల వాణిజ్య వెర్షన్‌లో ఉంది. ప్రోగ్రామ్ మొత్తం అక్కర్లేదు, రేట్ల లెక్క ఉన్న రెండు ఫైళ్లు దాస్తే చాలంటే, ఆ రెండింటినే సైథాన్‌తో విండోస్‌లో పీవైడీ, లైనక్స్‌లో ఎస్ఓ ఫైళ్లుగా మార్చి, మిగతాది పైఇన్‌స్టాలర్‌తో కట్టండి. బిల్డు సమయం తక్కువ, ఫలితం మధ్యస్థం. చిన్న ప్రాజెక్టులకు ఇదే ఎక్కువగా సరిపోతుంది. అసలు పైథాన్ ఫైలు పక్కనే మిగిలిపోకుండా చూసుకోవాలి, డాక్‌స్ట్రింగులు కూడా తీసేయాలి.

పంపేముందు పరీక్షించండి. స్ట్రింగ్స్ అనే కమాండ్ బైనరీలోని చదవగలిగే మాటలన్నీ బయటికి లాగుతుంది, అందులో "పాస్‌వర్డ్", "సెలెక్ట్", మీ కంపెనీ పేరు ఇంగ్లిషు స్పెల్లింగుతో వెతకండి. వన్‌ఫైల్ బిల్డు మీద నేరుగా వేస్తే ఏమీ కనిపించక మోసపోతారు, అది కుదించి ఉంటుంది. పైఇన్‌స్టాలర్ బిల్డయితే విప్పాక, నుయిట్కా అయితే విడి ఫోల్డర్ బిల్డు మీద వేయాలి.

జావాస్క్రిప్ట్‌లో బ్రౌజర్‌కు వెళ్లేదేదీ దాగదు, మినిఫై చేస్తే (ఖాళీలు తీసి, పేర్లు కుదిస్తే) చదవడం కష్టమవుతుంది, అంతే. సోర్స్ మ్యాప్‌లు (కుదించిన కోడ్‌ను అసలు కోడ్‌తో జతచేసే ఫైళ్లు) మాత్రం తప్పక చూసుకోవాలి. క్రియేట్ రియాక్ట్ యాప్‌తో కట్టిన పాత ప్రాజెక్టులు ప్రొడక్షన్ బిల్డులో కూడా మ్యాప్ ఫైళ్లు తయారుచేస్తాయి, దాన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో ఆపాలి. వీట్ అనే బిల్డు టూల్‌లో డిఫాల్ట్‌గానే ఆపి ఉంటుంది. మ్యాప్ ఫైలు సర్వర్‌లో ఉంటే బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో మీ ఫోల్డర్లు, కామెంట్లు అచ్చంగా కనిపిస్తాయి. ఎన్‌పీఎంలో పెట్టే జావాస్క్రిప్ట్ ప్యాకేజీ అయితే ప్రచురించేముందు ప్యాక్ కమాండ్‌ను డ్రై-రన్‌లో నడిపితే ఏయే ఫైళ్లు వెళ్తున్నాయో జాబితా వస్తుంది.

ఆండ్రాయిడ్‌లో ఆర్8 అనే కోడ్ కుదించే టూల్ ఆన్ చేస్తే పేర్లు చెరుగుతాయి, కానీ జాడ్‌ఎక్స్ అనే డీకంపైలర్‌తో తెరిస్తే లాజిక్ కనిపిస్తుంది, కీలు కూడా. గో భాషలో బిల్డు చేసేటప్పుడు ట్రిమ్‌పాత్ ఇవ్వకపోతే మీ కంప్యూటర్‌లోని ఫోల్డర్ దారులు, యూజర్‌నేమ్‌తో సహా, బైనరీలో ఉండిపోతాయి.

అసలు విలువైన లెక్క, ఏ ధరకైనా బయటపడకూడనిది, ఏదైనా ఉంటే దాన్ని సర్వర్‌లో పెట్టి ఏపీఐగా (వేరే ప్రోగ్రామ్ నెట్ ద్వారా అడిగితే జవాబిచ్చే దారి) ఇవ్వడమే గట్టి పద్ధతి. బిల్లింగ్ లాంటివాటికి నెట్ పోయినప్పుడు కౌంటర్ ఆగకూడదు కాబట్టి, లైసెన్స్ తనిఖీకి కొన్ని రోజుల ఆఫ్‌లైన్ వెసులుబాటు ఉంచాలి. సర్వర్‌లో పెట్టేటప్పుడు ప్రాజెక్టు ఫోల్డర్‌ను యథాతథంగా వెబ్ రూట్‌లోకి ఎక్కించకండి. లోపలి డాట్ గిట్ ఫోల్డర్ తెరిచి ఉంటే వెబ్‌సైట్ నుంచే మీ చరిత్ర మొత్తం దించుకోవచ్చు. ఫోల్డర్‌ను జిప్ చేసి పంపినా అదే తంతు, దాగి ఉన్న డాట్ గిట్ కూడా జిప్‌లోకి ఎక్కుతుంది.

లైసెన్సులు, విండోస్ హెచ్చరిక

దాచే హక్కు మీకుందో లేదో మీరు వాడిన లైబ్రరీలు చెబుతాయి. ప్రోగ్రామ్ కిటికీలు, బటన్లు గీసే పైక్యూటీ లైబ్రరీ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద వస్తుంది. వాణిజ్య లైసెన్స్ కొనకుండా దానితో కట్టిన ప్రోగ్రామ్‌ను పంచితే, తీసుకున్నవాళ్లు అడిగినప్పుడు సోర్స్ ఇవ్వాల్సిందే. అదే పని చేసే పైసైడ్ ఎల్‌జీపీఎల్ కింద ఉంది, షరతులు పాటిస్తే మీ కోడ్ మీ దగ్గరే ఉంచుకోవచ్చు. కోడ్‌లో మార్పు పెద్దగా ఉండదు, ముందే మారిపోండి. ఏజీపీఎల్ లైబ్రరీని మార్చి సర్వర్‌లో వాడితే నెట్‌వర్క్ ద్వారా వాడేవాళ్లకూ సోర్స్ ఇవ్వాల్సి వస్తుంది. పైఇన్‌స్టాలర్ జీపీఎలే అయినా, దానితో కట్టిన ప్రోగ్రామ్‌లకు ప్రత్యేక మినహాయింపు ఇచ్చారు.

డిజిటల్ సంతకం లేని ఈఎక్స్‌ఈకి విండోస్ స్మార్ట్‌స్క్రీన్ అడ్డుపడుతుంది. పైఇన్‌స్టాలర్ వన్‌ఫైల్ బిల్డులను కొన్ని యాంటీవైరస్‌లు అనవసరంగా పట్టుకుంటాయి, వన్‌డిర్ బిల్డును ఇన్‌స్టాలర్‌లో పెట్టి ఇస్తే ఈ బెడద తగ్గుతుంది. కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ కొనాలంటే 2023 జూన్ నుంచి ప్రైవేట్ కీ హార్డ్‌వేర్ టోకెన్‌లోనో, ఆమోదం పొందిన క్లౌడ్ నిల్వలోనో ఉండాలి. ఖర్చు చిన్న డెవలపర్లకు బరువే. కనీసం ఎస్‌హెచ్‌ఏ-256 విలువ (ఫైలు మారలేదని సరిచూసే సంఖ్య) ఇవ్వండి. గిట్‌హబ్ 2025 నుంచి రిలీజ్ ఫైళ్ల పక్కన దాన్ని తనంతట చూపిస్తోంది, గిట్‌ల్యాబ్‌లో మీరే వివరణలో రాయాలి. విండోస్‌లో సర్ట్‌యుటిల్ హ్యాష్‌ఫైల్ కమాండ్‌తో వాడేవాళ్లు సరిచూసుకోవచ్చు.

క్లయింట్ సోర్స్ అడిగితే

"రేపు మీరు అందుబాటులో లేకపోతే మా గతేంటి" అన్న ప్రశ్న న్యాయమైనదే. ఆ కారణంతో రిపోలో సభ్యత్వం ఇవ్వడం మాత్రం సరికాదు. ఒప్పందం ప్రకారం ఒక వెర్షన్ ఇవ్వాల్సి వస్తే గిట్ ఆర్కైవ్ కమాండ్‌తో ఆ ట్యాగ్‌కు జిప్ తీయండి, అందులో చరిత్ర ఉండదు. ఇవ్వకూడని ఫోల్డర్లకు గిట్ అట్రిబ్యూట్స్ ఫైల్లో ఎక్స్‌పోర్ట్-ఇగ్నోర్ రాస్తే అవి జిప్‌లోకి రావు.

భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచన కిందికే వస్తుంది. నమోదు తప్పనిసరి కాదు, చేయించుకుంటే వివాదంలో ఆధారంగా పనికొస్తుంది. 2021లో కాపీరైట్ నిబంధనలు సవరించాక నమోదుకు సోర్స్ కోడ్ మొత్తం ఇవ్వనక్కర్లేదు. మొదటి 10 పేజీలు, చివరి 10 పేజీలు చాలు, మొత్తం 20 పేజీల లోపు ఉంటే అంతా ఇవ్వాలి. ఇచ్చిన పేజీల్లో ఏ భాగాన్నీ నల్లగా కప్పకూడదు. అంచేత కీలకమైన లెక్కలున్న ఫైలు మొదట్లోనో చివర్లోనో పడకుండా ముద్రణ క్రమం చూసుకోండి.

ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే. ఫ్రీలాన్సర్‌గా రాస్తే మీదే, బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా ఉండాలి. ఆ రాతలో కాలపరిమితి లేకపోతే 19వ సెక్షన్ ప్రకారం 5 ఏళ్లని, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకేనని లెక్క. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న క్లయింట్‌కు సోర్స్ ఇస్తున్నప్పుడు ఈ రెండూ ఒప్పందంలో విడిగా రాయించుకోవాలి, ఏ వెర్షన్ ట్యాగ్ ఇస్తున్నారో దాని పేరుతో సహా.